నలభై సీసీల తేడా

వనజాక్షి తాటిదిన్నె స్టేషన్ గేటు ముందు కారు ఆపేసరికి పదీ ఇరవై అయింది. దిగుతూ దిగుతూనే గడియారం చూసుకుంది. సాయంత్రం నాలుగింటికి ఆసిమ్‌ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఐదు రోజుల పోలీసు కస్టడీ అడుగుతారు. ఆ ఐదు రోజులూ గడిస్తే చేయని హత్యను కూడా తానే చేశానని ఒప్పుకుంటాడు. పద్నాలుగేళ్ళు ఇన్సూరెన్సు కంపెనీలకు యాక్సిడెంట్ల కూపీలు లాగి, ఆరేళ్ళుగా నెల్లూరులో సొంత డిటెక్టివ్ ఆఫీసు నడుపుతున్న మనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే పొద్దుటి నుంచీ ఆమెకు కాలు ఒక్కచోట నిలవడం లేదు.

గేటు పక్క కల్వర్టు మీద కూర్చున్న ముసలాయన ఆమెను చూసి లేచాడు. తెల్ల టోపీ, మోచేతుల దాకా ఇంకిపోయిన గ్రీజు మరకలు.

"ఇన్సూరెన్సోళ్ళు పంపించిన డిటెక్టివు నువ్వేనామ్మా? నా పేరు చోటే సాహెబు. అల్లూరులో ఇంజన్లు బాగుచేసే లేతు షెడ్డు మాదే. ఆసిమ్ నా మనవడు."

"కంపెనీ తరఫున వచ్చాను సాహెబ్ గారూ. మీ తరఫున కాదు. నిజం ఎటుంటే అటే రాస్తాను."

"అటే రాయి. నేను అంతకన్నా ఏం అడగను. వాడి కుడిచెయ్యి కాలి పొక్కులెక్కి ఉండాది. ఇంకో ఐదు దినాలు వీళ్ళ చేతుల్లో పడితే ఆ చెయ్యి మళ్ళీ పానా పట్టదమ్మా."

ఆ మాటకి వనజాక్షికి కోపం వచ్చింది. ఆ కోపంతోనే లోపలికి నడిచింది.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రంగనాయకులు బల్లమీద అద్దం కింద నిన్నటి పేపరు కత్తిరింపు భద్రంగా పెట్టుకున్నాడు. 'ఇరవై నాలుగు గంటల్లో వీడిన మిస్టరీ' అని హెడ్డింగు, కింద ఆయన ఫోటో. రెండేళ్ళ కిందట ఆయన లారీ ప్రమాదమని మూసేసిన కేసును ఈమె హత్య అని తేల్చింది. అప్పటి నుంచి వనజాక్షి పేరు వింటేనే ఆయనకు ఒళ్ళు మండుతుంది.

"కాలిపోయిన కారు చూడ్డానికి డిటెక్టివ్ ఎందుకు మేడం? కళ్ళుంటే చాలు గదా."

"కళ్ళు మీకూ ఉన్నాయిగా సీఐ గారూ. మరి కోర్టు నాకెందుకు ఆర్డరిచ్చిందో?" ఆమె కాగితం బల్లమీద పెట్టింది.

రంగనాయకులు ఆర్డరును రెండుసార్లు చదివాడు. ఇంజను విప్పి చూసే హక్కు ఇన్సూరెన్సు తరఫున వచ్చిన ఆమెకు ఉంది. ఆయన ముఖంలో మాత్రం నవ్వు తగ్గలేదు. "చివరి లైను చూసినారా? ముద్దాయి తరఫు మనిషెవరూ బండిమీద చెయ్యి వేయకూడదు. ఆ లైను నేను అడిగి రాయించిందే. బయట కూర్చున్న ముసలోడు తాడు దాటితే నీ పర్మిషన్ రద్దు. స్పానరు పట్టుకుంటావో, చీర కుచ్చిళ్ళు పట్టుకుంటావో నీ ఇష్టం."

"స్పానరే పట్టుకుంటాను. ముందు మంగళవారం ఏం జరిగిందో టైములతో చెప్పండి."

చెప్పడం ఆయనకూ ఇష్టమే. కేసు చేతిలో ఉన్నవాడి దర్జా అది.

మంగళవారం మధ్యాహ్నం పన్నెండూ యాభైకి రొయ్యల గుంటల యజమాని పెంచలకృష్ణ ఫోన్ నుంచి ఆసిమ్‌కి కాల్ వెళ్ళింది. ఒంటిగంటా ఇరవైకి ఆసిమ్ బైకు గుంటల కట్టమీద కనబడింది. ఒంటిగంటా నలభైకి కట్ట ఆ చివర పొగ లేచింది. మనుషులు పరుగెత్తుకొచ్చేసరికి పెంచలకృష్ణ తెల్లకారు కట్ట దిగి, ముక్కు గుంటలో పెట్టి తగలబడుతోంది. ఆసిమ్ పక్కనే ఉన్నాడు. డ్రైవరు సీట్లో శవం గుర్తుపట్టరాకుండా కాలిపోయింది. వేలికున్న ఉంగరం చూసి పెంచలకృష్ణ భార్య సుప్రియ గుర్తుపట్టింది.

"మరి ఆసిమ్‌కి పగ ఎందుకు?"

"గుంటకి ఏరేటరు నడిపే ఇంజను వాళ్ళే రిపేరు చేసినారు. పోయిన శుక్రవారం అది ఆగింది. నీళ్ళలో గాలి తిరగక గుంటడు రొయ్యలు తెల్లారేసరికి తేలినాయి. శనివారం పెంచలకృష్ణ అల్లూరు సెంటర్లో పదిమంది ముందర వీడి చెంప పగలగొట్టినాడు. చాలదా?"

"చెంపదెబ్బకి మనిషిని తగలబెట్టేవాడు మూడు రోజులు ఆగుతాడా?"

"అది వాడినే అడుగు."

"అడుగుతాను. శవం పెంచలకృష్ణదేనని మీకు అంత గట్టి నమ్మకం ఎట్లా వచ్చింది?"

"ఉంగరం ఉండాది. పెళ్ళాం చెప్పింది. కారు ఆయనది. ఇంజను నంబరు ఆర్సీతో పక్కపక్కన పెట్టి అంకె అంకె నేనే చూసినా."

"ఛాసిస్ నంబరు?"

"సీటు కింద రేకుమీద ఉంటుంది. అక్కడే మంట ఎక్కువ తగిలి ఏమీ కనబడ్డంలా. డీఎన్ఏకి పంపినాం. మూడు వారాలు పడతాది."

మంట సరిగ్గా ఛాసిస్ నంబరు దగ్గరే ఎక్కువ తగిలింది. వనజాక్షి ఆ మాటను మనసులో రాసుకుని, లాకప్పులో ఐదు నిమిషాలు కావాలని అడిగింది. రంగనాయకులు వాచీ చూపించి, ఐదంటే ఐదే అన్నాడు.

ఆసిమ్‌కి ఇరవై ఎనిమిదేళ్ళు. గోడకి ఆనుకుని, కాలిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఓదార్చలేదు. టైము లేదు.

"పెంచలకృష్ణ ఫోన్లో ఏమన్నాడు?"

"ఫోన్ చేసింది ఆయనా కాదా కూడా తెల్దక్కా. గొంతు సరిగ్గా వినబళ్ళా. మీ దరిద్రపు ఇంజను వచ్చి ఎత్తుకపో అని పెట్టేసినాడు."

"వెళ్ళాక?"

"షెడ్డులో ఇంజను లేదు. దిమ్మె మీద బోల్టులు మాత్రం ఉండాయి. కోపంలో ఎవరికో అమ్మేసినాడేమో అనుకున్నా. కాపలా ఉండే మస్తానయ్య కూడా లేడు. ఈ మాట చెప్తే ఇంజను నువ్వే దొంగిలించినావని ఇంకో రెండు తగిలిచ్చినారు."

"కారు?"

"పొగ చూసి పరుగెత్తినా. లోపల మనిషి ఉండాడక్కా. తలుపు లాగినా, రాలా. చెయ్యి అప్పుడే కాలింది."

"ఆ కారు అంతకుముందు ఎప్పుడు చూశావు?"

ఆసిమ్ ఆలోచించాడు. "పది దినాలైంది. సర్వీసుకి మద్రాసు పంపించినానని అంటా ఉన్నాడు."

వెనక నుంచి రంగనాయకులు చప్పట్లు కొట్టాడు. ఐదు నిమిషాలు అయిపోయాయి.

కాలిన కారు స్టేషన్ వెనక రేకుల షెడ్డు కింద ఉంది. చుట్టూ తాడు కట్టి ఉంది. మధ్య నుంచి వెనక దాకా కారు బొగ్గయింది గాని, ముక్కు గుంటనీళ్ళలో దిగబడడం వల్ల బానెట్ కింది భాగం బురదతో సహా అట్లాగే మిగిలింది. వనజాక్షి చీర కొంగు దోపుకుని, టార్చి వేసి ముందు ఇంజను నంబరు చూసింది. అంకెలన్నీ ఆర్సీలో ఉన్నవే. కానీ అంకెల చుట్టూ ఇనుము నున్నగా, మిగతా ఇంజను కన్నా కాస్త తక్కువ మురికిగా ఉంది.

"ఇక్కడ గ్రైండరు పట్టారు," అంది.

"తుడిచింది మా కానిస్టేబులే మేడం. నంబరు చదవద్దా మరి?"

అందులోనూ అబద్ధం లేకపోవచ్చు. కోర్టులో ఈ ఒక్కమాట నిలబడదు. వనజాక్షి ఆర్సీ కాగితం తీసి మళ్ళీ మొదటి నుంచీ చదివింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి రంగు గడి చూడకుండా సంతకం పెట్టి చీవాట్లు తిన్నది మొదలు, ఆర్సీలో ఉన్న ప్రతి గడినీ బండితో పోల్చకుండా ఆమె సంతకం పెట్టదు. తయారైంది పందొమ్మిది నెలల కిందట. ఇంధనం డీజిలు. సిలిండర్లు నాలుగు. ఇంజను సైజు 1493 సీసీ.

"ఇంజను మీది మూత, హెడ్డు విప్పాలి," అంది వనజాక్షి.

"దేనికి?"

"సైజు కొలవడానికి. నంబరు ఎవరైనా గుద్దొచ్చు సీఐ గారూ. సైజు ఎవరూ గుద్దలేరు."

రంగనాయకులు కుర్చీ తెప్పించుకుని, వేడుక చూడ్డానికి కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. అప్పటికి పదకొండు దాటింది. వనజాక్షి బోల్టులు విప్పడం మొదలుపెట్టింది. ఇంజన్లు విప్పించి చూడడం ఆమెకు అలవాటే గాని, స్వయంగా విప్పిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. రెండో బోల్టుకే స్పానరు జారి వేలి కణుపు చిట్లింది.

"మధ్య నుంచి కాదమ్మా! చివర్ల నుంచి ఇప్పుకుంటా రా. లేకపోతే హెడ్డు వంగతాది!"

అరిచింది చోటే సాహెబు. తాడు అవతల, సరిగ్గా ఒక అడుగు దూరంలో నిలబడ్డాడు. రంగనాయకులు కుర్చీలోంచి లేవబోయాడు.

"తాడు దాటలేదు కదా," అంది వనజాక్షి తల తిప్పకుండా. "నోరు మూసుకోవాలని ఆర్డర్లో రాయించుకోవడం మర్చిపోయారు మీరు."

చెయ్యి వేయొద్దన్న మనిషి నోటితోనే ఇంజను విప్పించాడు. ఏ పైపు ముందు, ఏ బోల్టుకి ఎంత బలం, చైను జారకుండా తీగతో ఎక్కడ కట్టాలో ఒక్కొక్కటీ చెప్పాడు. ఆమె తొందరపడినప్పుడల్లా 'నిదానం తల్లీ' అన్నాడు. ఆ మాట వింటే ఆమెకు ఇంకా తొందర పుట్టింది. పన్నెండున్నర అయింది, ఒంటిగంట అయింది. ఒంటిగంటా పదికి స్టేషన్ రైటరొచ్చి కస్టడీ పిటిషన్ మీద సీఐ చేత సంతకం పెట్టించుకుపోయాడు. చెమట కళ్ళలోకి కారుతున్నా వనజాక్షి ఆ సంతకాన్ని చూసింది. పిచ్చికోపం వచ్చింది. ఒంటిగంటా నలభైకి కానిస్టేబులు ఒక పక్క పట్టుకోగా హెడ్డు పైకి లేచింది. నాలుగు గుండ్రటి నోళ్ళు వరసగా బయటపడ్డాయి.

ఆమె సంచిలోంచి వెర్నియరు స్కేలు తీసింది. మొదటి సిలిండరు నోటికి అడ్డంగా పెట్టి చదివింది. మళ్ళీ చదివింది. తర్వాత దాన్ని రంగనాయకులు చేతిలో పెట్టింది.

"మీరే కొలవండి. నేను కొలిస్తే నా కళ్ళు సరిలేవంటారు."

"నేనా?"

"పేపర్లో ఫోటో పడ్డ చేతులే కదా, కొంచెం మసి అంటినా ఫర్వాలేదు."

రంగనాయకులు వంగి మూడో సిలిండరు కొలిచాడు. "డెబ్బై ఆరు మిల్లీమీటర్లు. అయితే ఏంది?"

"రాసుకోండి. ఇప్పుడు పిస్టన్ నడక." ఆమె కింద పుల్లీకి స్పానరు తగిలించి చేత్తో తిప్పింది. పిస్టన్ పైదాకా వచ్చి ఆగినప్పుడు ఒక కొలత, అడుగుకి పోయినప్పుడు ఇంకో కొలత తీయించింది. రెంటికీ తేడా ఎనభై నాలుగున్నర మిల్లీమీటర్లు వచ్చింది.

"ఇంజను సైజంటే బయటి కొలత కాదు సీఐ గారూ. పిస్టన్ పై నుంచి కిందికి ఒక్కసారి దిగితే లోపల ఎంత జాగా ఖాళీ అవుతుందో అదీ సైజు. బిందెలో ఎన్ని నీళ్ళు పడతాయో లెక్కగట్టినట్టే. నోటి వెడల్పులో సగం తీసుకోండి. సెంటీమీటర్లలో మూడు పాయింటు ఎనిమిది. దాన్ని దాంతోనే గుణించి, మళ్ళీ మూడు పాయింటు ఒకటి నాలుగు ఒకటి ఆరుతో గుణించండి."

రంగనాయకులు ఫోన్ తీసి నొక్కాడు. "నలభై ఐదు పాయింటు మూడు ఆరు."

"అది నోటి వైశాల్యం. దాన్ని పిస్టన్ నడకతో, ఎనిమిది పాయింటు నాలుగు ఐదుతో గుణించండి."

"మూడు వందల ఎనభై మూడు."

"ఒక సిలిండరుకి అంత. నాలుగింటికి?"

ఆయన మళ్ళీ నొక్కాడు. తెరమీద అంకె చూసి, తప్పు నొక్కాననుకుని మొదటి నుంచీ మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే వచ్చింది. "1533."

"ఆర్సీలో?"

"1493." ఆయన ఫోన్ జేబులో పెట్టాడు. "నలభై సీసీల తేడాకి హత్యకేసు కొట్టేస్తారా మేడం? కారన్నాక అరగదా?"

"అరుగుతుంది. పైన రింగులు రుద్దుకునే చోట వెంట్రుకవాసి అరుగుతుంది, కింద అరగదు. ఇక్కడ పైనా, మధ్యా, అడుగునా ఒకటే కొలత. కంపెనీ కొలత డెబ్బై ఐదు కన్నా పూర్తిగా ఒక మిల్లీమీటరు ఎక్కువ. ఇది అరుగుడు కాదు, మిషను మీద పెట్టి కోసింది. బోరు, అంటే సిలిండరు లోపలి గోడ, పాతబడితే కోసి, పెద్ద పిస్టన్లు వేస్తారు. పందొమ్మిది నెలల కారు, పదహారు వేల కిలోమీటర్లు కూడా తిరగనిది, దానికి బోరు ఎవరు కోయిస్తారు? పైగా పదిహేను వందల సీసీ లోపు డీజిలు కారుకి పన్ను తక్కువ. అందుకే కంపెనీవాళ్ళు 1493 దగ్గర ఆగారు. 1533 సైజుతో ఈ కారు కంపెనీ గేటు దాటి రాదు."

"అంటే ఈ ఇంజను..."

"ఈ ఇంజను పెంచలకృష్ణ కారుది కాదు. నంబరు చెరిపి మళ్ళీ గుద్దారు. ఇంజను మార్చారంటే కారే మార్చారు."

గెలిచానని ఆమెకు అప్పుడే అనిపించలేదు. ఎందుకంటే చోటే సాహెబు మాట్లాడడం మానేశాడు. మూడు గంటలు ఆగకుండా చెప్పిన మనిషి, కొలత చెప్పినప్పటి నుంచి తాడు పట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు.

"సాహెబ్ గారూ, ఏంటి?"

"ఏం లేదమ్మా."

"ఏదో ఉంది. చెప్పండి."

ముసలాయన ఇంజను వైపు చూపించాడు. "పిస్టన్‌కీ గోడకీ మధ్యన ఫీలర్ గేజి పెట్టి చూడు. పన్నెండో నంబరు రేకు."

ఆమె సన్నటి ఇనుపరేకుల గుత్తి విప్పి పన్నెండో నంబరు రేకును సందులో దూర్చింది. అది అడ్డం లేకుండా కిందికి దిగింది. కార్లకి అంతకన్నా పలచటి ఎనిమిదో నంబరు దిగితేనే ఎక్కువ. అంత వదులుగా బిగించిన కారు పొగ కక్కుతుంది, టకటక కొట్టుకుంటుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"అంత వదులు ఎవరు పెడతారు?" అని అడిగింది. అడుగుతూనే జవాబు ఆమెకు అర్థమైంది.

"నేను పెడతా," అన్నాడు చోటే సాహెబు. "ఏరేటరు ఇంజనుకి మాత్రమే పెడతా. అది రేయింబగళ్ళు ఒకే స్పీడులో ఆడతాది. కారు మాదిరి బిగువుగా పెడితే వేడికి పట్టేస్తాది. ఈ చుట్టుపక్కల ఇంకెవరూ పెట్టరు, నన్ను చూసి నవ్వతారు. ఈ బోరు నేను కోసిందే. నాలుగు నెలలైంది. పెంచలకృష్ణ గుంటకి. ఏదో గుద్దుకున్న కారు కొని, ఇంజను ఒక్కటి ఏరేటరుకి పెట్టుకున్నాడు. అది కూడా ఈ రకం కారే."

రంగనాయకులు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "విన్నావా మేడం! వాళ్ళ షెడ్డులో తయారైన ఇంజను! షెడ్డులో ఇంజను మాయమైందని ఆ ఆసిమ్‌గాడే చెప్పినాడు. వాడే ఎత్తుకపోయి ఇందులో పెట్టినాడు. తాతే సాక్ష్యం చెప్పేసినాడు!"

ముసలాయన తాడు వదిలేశాడు. "నాకు తెలుసయ్యా. చెప్తే వాడి మెడకే చుట్టుకుంటాదని తెలుసు. కానీ కొలత ముందర పెట్టుకుని నేను అబద్ధం చెప్పలేను."

వనజాక్షికి ఆ మనిషి కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. దానికి బదులు సీఐ మీదికి తిరిగింది.

"ఆగండి. ఈ ఇంజను బోరు కోసిందని ఎవరెవరికి తెలుసు? కోసిన తాతకి, బిగించిన మనవడికి. కొలిస్తే దొరికిపోతుందని తెలిసినవాడు ఇదే ఇంజను తెచ్చి, దొంగ నంబరు గుద్ది, పోలీసుల ముందర పెడతాడా? తెలియనివాడు పెడతాడు. తన కొత్తకారుదీ, గుంట దగ్గర ఆడే పాత ఇంజనుదీ ఒకే రకం, పైకి చూస్తే తేడా లేదు, చాలు అనుకున్నవాడు పెడతాడు. రిపేరు చేయించుకున్నాడు గాని లోపల ఏం చేశారని ఏనాడూ అడగనివాడు. కారు పదిరోజులుగా మద్రాసు సర్వీసులో ఉందని చెప్పింది ఎవరు? శుక్రవారం ఏరేటరు ఆగిపోయింది. ఆగిందా, ఆపారా? సెంటర్లో అందరూ చూసేలా ఆసిమ్‌ని కొట్టింది ఎవరు? ఇంజను ఎత్తుకుపొమ్మని వాణ్ణి సరిగ్గా ఆ టైముకి రప్పించింది ఎవరి ఫోను?"

రంగనాయకులు చాలా నెమ్మదిగా అన్నాడు. "పెంచలకృష్ణ బతికే ఉండాడంటావు."

"ఉన్నాడు. ఇన్సూరెన్సు డబ్బు కోసం చచ్చినట్టు నాటకమాడి, ఆ గుద్దుకున్న కారులోకే పాత ఇంజను మళ్ళీ ఎక్కించి తగలబెట్టాడు. తన కారులోనే తిరుగుతున్నాడు."

ఆయన తాను అంకె అంకె చదివిన నంబరు వైపు చూశాడు. ఆయన మొండివాడే గాని దొంగ కాదు. రైటరును పిలిచి కస్టడీ పిటిషన్ వెనక్కి తెప్పించుకున్నాడు, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "కోర్టుకి నేనే పోతా. కస్టడీ అడగను," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. చోటే సాహెబు కల్వర్టు దాకా కూడా పోలేక అక్కడే నేలమీద కూలబడ్డాడు. కన్నీళ్ళు తుడుచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు.

"అది సరే," అన్నాడు రంగనాయకులు. "మరి ఆ సీట్లో కాలిపోయింది ఎవరు?"

ఆ ప్రశ్న వనజాక్షిని పదినిమిషాలుగా తినేస్తోంది. "ఆ ఇంజను పక్కనే రేయింబగళ్ళు ఉండేవాడు ఒకడున్నాడు. మంగళవారం షెడ్డులో లేడు. మస్తానయ్య ఎక్కడ?"

"వాడు సోమవారమే సంగం పోయినాడంట సార్," అన్నాడు కానిస్టేబులు. "అక్కడ బంధువులు ఉండారంట. వాళ్ళావిడ చెంచమ్మ చెప్పింది. నంబరు ఉండాది నాకాడ."

"కలుపు. స్పీకరు పెట్టు," అన్నాడు రంగనాయకులు.

అప్పటికి రెండూ యాభై. ఫోన్ నాలుగుసార్లు మోగాక ఎత్తారు. చెంచమ్మ గొంతు హుషారుగా ఉంది.

"ఎవరూ?"

"అమ్మా, నా పేరు వనజాక్షి. ఇన్సూరెన్సు ఆఫీసు నుంచి. మీ ఆయనతో మాట్లాడాలి. ఉన్నాడా?"

"లేడక్కా. సోమవారం పోయినోడు ఇంతవరకూ ఫోన్ ఎత్తడంలా. మెసేజీలు మాత్రం పెడతా ఉండాడు. అవి కూడా పక్కింటి పిల్ల చదివి చెప్తాది నాకు. సంతకం పెట్టడం రానోడు, ఈయన మెసేజీలు కొట్టడం యాడ నేర్చుకున్నాడో ఏందో!" చెంచమ్మ నవ్వింది.

ఆ మెసేజీలు పెడుతున్నది మస్తానయ్య కాదని షెడ్డులో అందరికీ ఒకేసారి అర్థమైంది. వనజాక్షి గొంతు మార్చకుండా అడిగింది.

"ఇప్పుడు నువ్వెక్కడున్నావమ్మా?"

"కారులో అక్కా. దొరవారిసత్రంలో ఆయనకి కొత్త పని కుదిరిందంట. నన్ను కూడా రమ్మని కారు పంపించినాడు. ఇప్పుడే ఎక్కినా."

రంగనాయకులు జీపు తాళాల కోసం జేబులు తడుముకున్నాడు. వనజాక్షి ఫోన్‌ను నోటి దగ్గరికి లాక్కుంది. "చెంచమ్మా, నేను చెప్పేది విని ఊఁ అను చాలు. ఇంకేం మాట్లాడొద్దు. ఏదో మర్చిపోయానని చెప్పి దిగు. కారు దిగి ఇంట్లోకి పో."

"ఏందక్కా? సరిగ్గా వినబళ్ళా." గొంతు కొంచెం దూరంగా జరిగి మళ్ళీ దగ్గరికొచ్చింది. ఈసారి అందులో నవ్వు లేదు, వింత ఉంది. "అయ్యో అక్కా, ఇదేందిది! కారుకి పైన నల్లకాగితం అతికించినారు గానీ లోపల కాళ్ళకింద ఈ పట్టా మా సారు కారుదే. దోమలచుట్ట పడి కాలిన చిల్లు ఇదిగో. శుక్రవారం శుక్రవారం కడిగేదాన్ని, నాకు తెల్దా? కాలిపోయిందన్నారే! ఏమయ్యా డ్రైవరూ, ఇది మా సారు కారే గదా?"

తలుపులు నాలుగూ ఒకేసారి లాక్ అయిన చప్పుడు వచ్చింది. చెంచమ్మ "ఏమయ్యా" అని ఇంకోసారి అంది. ఫోన్ ఎక్కడో కిందపడింది. లైను తెగలేదు. ఇంజను స్టార్టయింది.

రంగనాయకులు జీపు వైపు పరుగెత్తుతున్నాడు. వనజాక్షి ఫోన్ చేత్తో పట్టుకుని ఆయన వెనకే పరుగెత్తింది. నేలమీద కూర్చున్న చోటే సాహెబు తల పైకెత్తి, స్పీకరులో దూరమవుతున్న ఆ చప్పుడు వింటున్నాడు.

"పాతది కాదమ్మా అది," అన్నాడు. "పెంచలకృష్ణ కొత్తకారుదే, ఇంకా ఎవరూ చెయ్యి పెట్టని ఇంజను."